తెలుగువాళ్ళకు జర్మన్ కష్టమా? ఇంగ్లీషు మీదుగా వెళ్తే కష్టమే

తెలుగు మాధ్యమంలో చదువుకున్నానని, ఇంగ్లీషు అంతంత మాత్రమేనని, అలాంటప్పుడు జర్మన్ వస్తుందా, అసలు తెలుగుకూ జర్మన్‌కూ పోలికలేమైనా ఉన్నాయా అని ఒకరు అడిగారు. నేనూ కర్నూలు జిల్లాలో పదో తరగతి దాకా తెలుగులోనే చదివి, తరువాత నర్సింగ్ చేసినదాన్ని. ఆరేళ్ళుగా జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నా జర్మన్‌కు అడ్డుపడింది తెలుగు కాదు, ఇంగ్లీషే.

వచ్చిన మొదటి చలికాలం, రాత్రి డ్యూటీలో వణుకుతూ "ఇష్ బిన్ కాల్ట్" అన్నాను. 'ఐ యామ్ కోల్డ్' అనే ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చానన్నమాట. తోటి నర్సు ఫక్కున నవ్వింది. నేను రాతిగుండెదాన్నని నేనే చెప్పుకున్నానట! (వేడి విషయంలో ఇదే పొరపాటు చేస్తే వచ్చే అర్థం ఇక్కడ రాయలేను.) అనవలసింది "మియర్ ఇస్ట్ కాల్ట్". మియర్ అంటే నాకు, ఇస్ట్ అంటే ఉంది, కాల్ట్ అంటే చల్లగా. నాకు చలిగా ఉంది. ఇంత సులువైన వాక్యానికి ఇంగ్లీషు చుట్టూ ఎందుకు తిరిగానో అనిపించింది. ఆ రాత్రి నుంచి రోగుల మాటలు వేరుగా వినబడసాగాయి. "మియర్ ఇస్ట్ ష్లెష్ట్" అంటే నాకు వికారంగా ఉంది. "మియర్ ఇస్ట్ ష్విండ్లిష్" అంటే నాకు తల తిరుగుతోంది. "మియర్ గెఫెల్ట్ డాస్" అంటే నాకు అది నచ్చింది. అన్నీ మన 'నాకు'లే. అయితే అన్నిచోట్లా ఇది నడవదు. ఆకలి దగ్గర జర్మన్ మనల్ని వదిలేసి "ఇష్ హాబె హుంగర్" అంటుంది, అంటే నా దగ్గర ఆకలి ఉందన్నట్టు.

వాక్యం చివర క్రియ రావడం గురించి అందరూ భయపెడతారు. తెలుగువాళ్ళకు భయమెందుకు? "వైల్ డెయర్ పట్సియెంట్ నిష్ట్స్ గెగెసెన్ హాట్" అంటే రోగి ఏమీ తినలేదు కాబట్టి. వాళ్ళు 'కాబట్టి'ని ముందు పెడతారు, మనం వెనక పెడతాం. మిగిలిన వరుస దాదాపు మనదే. "డాక్టరుగారు రేపు పొద్దున రక్తపరీక్ష చేయించ..." అన్నాక, 'మన్నారు' వస్తుందో 'వద్దన్నారు' వస్తుందో అని చివరిదాకా ఆగి వినే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది. జర్మన్ వినడానికి ఆ ఓపికే కావాలి. నిజంగా ఇబ్బంది పెట్టేది మామూలు వాక్యం. అందులో క్రియ రెండో స్థానంలో కూర్చుంటుంది, ఒక్కోసారి రెండు ముక్కలై తోక మాత్రం చివరికి పోతుంది. ఫోన్ చేయడం 'ఆన్‌రూఫెన్'. "రేపు మీకు ఫోన్ చేస్తాను" అనాలంటే 'రూఫె' రెండో మాటగా వస్తుంది, 'ఆన్' వాక్యం కొసన వేలాడుతుంది. ఆ 'ఆన్' లేకపోతే అది ఉత్త పిలవడమే. దాన్ని మరిచిపోయి నేను ఎంతమందిని పిలిచానో, ఎంతమందికి ఫోన్ చేశానో తెలియదు.

డాక్టర్ల ఉత్తరాలు చదివినప్పుడు మాత్రం సొంత ఊరికి వచ్చినట్టు ఉండేది. "డీ జైట్ డ్రై టాగెన్ బెష్టెహెండెన్ ష్మెర్ట్సెన్" అంటే మూడు రోజులుగా ఉన్న నొప్పులు. 'మూడు రోజులుగా' ముందు, 'ఉన్న' తరువాత, 'నొప్పులు' చివర. మాట్లాడేటప్పుడు జర్మన్లు ఇలా అనరు. కార్యాలయాలకు, పత్రికలకు మాత్రం ఈ వరుస చాలా ఇష్టం. మాతోపాటు బి2 అనే స్థాయి జర్మన్ భాషా పరీక్షకు చదివిన స్పెయిన్ అమ్మాయి ఈ వాక్యాలను చూసి తల పట్టుకునేది. నేను హాయిగా చదివేదాన్ని. ఇక్కడ ఒక తేడా గమనించాను. మనం "ఆపరేషన్ చేసిన డాక్టరు" అంటాం, "ఆపరేషన్ చేసిన రోగి" అని కూడా అంటాం. 'చేసిన' అదే, ఎవరు ఎవరికి చేశారో సందర్భమే చెప్పాలి. జర్మన్‌లో డాక్టరుకు 'ఒపెరియరెండె', రోగికి 'ఒపెరియర్టె'. పొరపాటుకు తావు లేదు. మరోవైపు, "నేను పడుకున్న మంచం" అనే చిన్న మాటను వాళ్ళు ఆ పద్ధతిలో చెప్పలేరు. మంచం, దానిలో నేను పడుకున్నాను అని విడదీసి చెప్పాల్సిందే.

సమాసాలు మనకు కొత్త కాదు. 'క్రాంకెన్' అంటే రోగులు. రోగుల ఇల్లు ఆసుపత్రి, రోగుల బండి అంబులెన్సు, రోగుల అక్కచెల్లి నర్సు. (నర్సుకు ఇప్పుడు అధికారికంగా వేరే పేరు ఉంది గానీ ముసలివాళ్ళు ఇంకా 'ష్వెస్టర్' అనే పిలుస్తారు, మన ఆసుపత్రుల్లో సిస్టర్ అన్నట్టు.) చేతి తొడుగును 'హాండ్‌షూ' అంటారు, అంటే చేతి బూటు. నవ్వొస్తుంది గానీ, కంటికీ కాలికీ కూడా జోడు తొడిగిన భాష మనది.

లింగం దగ్గర మాత్రం ఏ సాయమూ దొరకదు. సిరంజి స్త్రీలింగం, సెలైన్ డ్రిప్పు పుంలింగం, గాయానికి అంటించే ప్లాస్టరు నపుంసకం. 'మేట్‌షెన్' అంటే అమ్మాయి, అదీ నపుంసకమే! ఇది చెప్పి నేను ఎగతాళి చేస్తే ఒక సహోద్యోగిని తెలుగులో ఎలాగని అడిగింది. "ఆమె వచ్చింది, కుక్క వచ్చింది" అని చెప్పి నాలుక కరుచుకున్నాను. ఏకవచనంలో ఆడవాళ్ళను మనుషులు కానివాటితో కలిపి, బహువచనంలో మాత్రం మగవాళ్ళతో చేర్చి 'వచ్చారు' అనే భాష నుంచి వచ్చి, నేను నవ్వడమేమిటి!

అంకెలు ఇంకో తంటా. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు. షిఫ్టు మారేటప్పుడు వివరాలు చెబుతుంటే "హుండర్ట్-ఫ్యున్ఫ్-ఉంట్-డ్రైసిష్" అని విని, నూటా అయిదూ... అనుకుంటూ 153 రాసేశాను. అది 135. రక్తపోటు! అప్పటి నుంచి ప్రతి అంకెనూ విడివిడిగా తిరిగి చదివి వినిపిస్తాను. ఎవరైనా విసుక్కున్నా మానను.

మర్యాద సంగతి చెప్పాలి. 'డూ' మన నువ్వు, 'జీ' మన మీరు అని పుస్తకంలో ఉంటుంది. కానీ మన మర్యాదంతా వరసల్లో ఉంది. ఎనభై దాటిన ఒకావిడకు దిండు సర్దుతూ, మన ఊళ్ళో అమ్మమ్మా అన్నట్టే ప్రేమగా "ఓమా" అన్నాను. ఆవిడ నా చేయి తీసేసి, "నేను మీ ఓమాను కాను" అంది. ముక్కూ ముఖం తెలియని మనిషిని అలా పిలవడం చులకన చేయడమేనని తరువాత తెలిసింది. ఇంటిపేరుతో పిలిచి 'జీ' అనాలి. దీనికి తలకిందులుగా, మా వార్డు ఇన్‌ఛార్జి, మా అమ్మ వయసు ఆవిడ, మొదటి రోజే తనను పేరుపెట్టి 'డూ' అనమంది. గారు తగిలించే వీలు లేక, నోరు రాక, నెలల తరబడి ఆవిడతో సర్వనామమే లేకుండా మాట్లాడాను.

ఉచ్చారణలో 'డ్రుకెన్', 'డ్ర్యుకెన్' తేడా పట్టుకోండి. మొదటిది అచ్చు వేయడం, రెండోది నొక్కడం. బెల్లును అచ్చు వేయమని నేను చాలామంది రోగులకు చెప్పాను. అచ్చు అంటే గుర్తొచ్చింది: ఇక్కడికి రైల్లో గంటలోపే ఉన్న హాలె నగరంలో 1746–47 ప్రాంతంలోనే తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. మద్రాసులో తెలుగు నేర్చుకుని వ్యాకరణం కూడా రాసిన బెంజమిన్ షుల్జె అనే మిషనరీ వేయించినవి.

నామం-నామె, నాసిక-నాజె, విధవ-విట్వె లాంటి జంటలు చూసి తెలుగూ జర్మనూ చుట్టాలనుకోకండి. ఆ చుట్టరికం సంస్కృతానిది. మన పేరుకూ ముక్కుకూ అక్కడ ఎవరూ లేరు.

క్లాసులో చేరితే ప్రతి మాటనూ, లింగాన్ని బట్టి దాని ముందు వచ్చే డెయర్, డీ, డాస్‌తో కలిపే నోటుపుస్తకంలో రాసుకోండి. నేను ఉత్త మాటలు రాసుకున్నాను. ఇప్పటికీ థర్మామీటరు అడగాలంటే ముందున్న ఆ చిన్న మాటను గొణిగేసి, 'థర్మామీటర్' మాత్రం గట్టిగా అంటాను.