పరిచయం దగ్గరే పెన్ను ఆగిపోతుంటే

ప్రశ్న: తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌కు తెలుగు మీడియంలో సిద్ధమవుతున్నాను. చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. వ్యాసం రాయడానికి కూర్చుంటే నాలుగు వాక్యాలకే బుర్ర ఖాళీ. కొట్టేసి మళ్లీ మొదలుపెడతాను, ఈలోగా చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఏం చేయాలి?
- ఒక అభ్యర్థి, మహబూబ్‌నగర్

జవాబు: 'కొట్టేసి మళ్లీ మొదలుపెడతాను' అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది. ఆలోచించడం, రాయడం, దిద్దుకోవడం మూడూ ఒకేసారి చేయబోతే ఏ బుర్రయినా మొరాయిస్తుంది.

జనరల్ ఎస్సే పేపర్‌కు మూడు గంటలు. మూడు విభాగాల నుంచి ఒక్కోటి చొప్పున మూడు వ్యాసాలు, ఒక్కోటి 50 మార్కులకు, సుమారు 1000 పదాల్లో రాయాలి. అంటే వ్యాసానికి గంట. అందులో మొదటి పది నిమిషాలు ఆలోచనకే ఇచ్చేయండి.

వలసల మీద ప్రశ్న వచ్చిందనుకోండి. 'అనాదిగా మానవుడు...' అని మొదలుపెట్టబోతారు, అక్కడే ఆగిపోతారు (ఈ 'అనాదిగా' ఎంతమందిని ముంచిందో!). అలా కాకుండా గుర్తొచ్చినవన్నీ రఫ్‌లో గీకేయండి: పాలమూరు నుంచి ముంబై వెళ్లే కూలీలు, ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు, మధ్యలో ఆగిన పిల్లల చదువు, 2005 నాటి ఉపాధి హామీ చట్టం, 2020 లాక్‌డౌన్‌లో కాలినడకన ఇళ్లకు బయల్దేరినవాళ్లు. ఇక మీరేమంటారో ఒక్క వాక్యంలో రాయండి. 'వలసను ఆపడంకన్నా, వెళ్లినచోట రేషన్, బడి దొరికేలా చూడటం ముఖ్యం' అన్నట్టుగా. ఆ వాక్యం దొరకడం లేదంటే తప్పు ఏకాగ్రతది కాదు, ఆ విషయం మీద మీకింకా అభిప్రాయం ఏర్పడలేదు. ఇంట్లో ఎవరితోనైనా కాసేపు వాదించండి, వస్తుంది. దొరికాక పరిచయానికి అరపేజీ వదిలి, బాగా తెలిసిన పాయింటుతో మొదలుపెట్టండి. మధ్యలో మాట తట్టకపోతే ఖాళీ వదిలి ముందుకెళ్లండి, కొట్టేయొద్దు.

ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, పక్క గదిలో ఉండాలి.

ఇంకోటి. బుర్ర ఆగిపోయిందనుకునేది చాలాసార్లు చెయ్యి అలసటే. ఆలోచనకు పోగా మిగిలిన 50 నిమిషాల్లో 1000 పదాలంటే నిమిషానికి 20. మన తెలుగు పదాలా, పొడుగు. అలవాటు లేని చేతికి మూడో వ్యాసం దగ్గర అక్షరాలు వంకర్లు పోతాయి. అందుకే రోజూ ఒక అంశానికి రఫ్ మాత్రమే వేయండి, రోజు విడిచి రోజు ఒక పూర్తి వ్యాసం రాయండి. ఆదివారం మూడూ ఒకే కూర్చోవడంలో. అప్పుడు మీకు కష్టమైన విభాగాన్ని రెండోదిగా పెట్టి చూడండి: అప్పటికి చెయ్యి వేడెక్కి ఉంటుంది, నీరసం ఇంకా మొదలవదు.