ఒక్కరే ఆడే స్కర్మిష్: దండు మీది, అడవి పేకకట్టది

వలసపాలన కాలపు స్కర్మిష్ గేమ్‌ని, అంటే చిన్న దళాల మధ్య జరిగే పోరుని బల్ల మీద బొమ్మలతో ఆడే ఆటని, ఒక్కరే ఆడొచ్చా, అవతల మనిషి లేకపోతే ఉత్కంఠ ఏముంటుంది అని అడిగారు. ఆడొచ్చు. అసలు ఈ కాలపు పోరాటాలకి ఒంటరి ఆటే ఎక్కువ నప్పుతుందని నా గట్టి అభిప్రాయం. దండు దారిన పోతుంటుంది, ఎదుటివాళ్లు ఎక్కడ పొంచి ఉన్నారో దానికి తెలియదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఎవరి బొమ్మలు ఎక్కడున్నాయో ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటాయి, ఇంక మాటు ఎక్కడిది? ఒక్క షరతు: రెండు వైపులా మీరే ఆడకండి.

ఏ పోరాటం ఎంచుకోవాలంటే, తెలుగువాళ్లకి మన్యం పితూరీ చేతిలోనే ఉంది. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం మాటు వేసింది. ముందు నడిచిన భారతీయ పోలీసుల్ని వెళ్లనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చి చంపింది. దొరికే రూల్‌బుక్కులతో నా పేచీ ఇక్కడే. చాలావాటిలో స్థానికులంటే గుంపుగా అరుచుకుంటూ మీదికి ఉరికేవాళ్లే. దక్షిణాఫ్రికాలో 1879 నాటి జులూ యుద్ధాన్ని మనసులో పెట్టుకుని, ఎదుటివాళ్లు ఎప్పుడేం చేయాలో చెప్పే పట్టికలు రాసి ప్రపంచమంతటికీ అంటగడతారు. ఆ పట్టికతో దామనపల్లి ఆడితే రాజు మనుషులు మూడో టర్న్‌కే దారి మీదికొచ్చి కత్తులు దూస్తారు. అది చరిత్రా కాదు, మంచి ఆటా కాదు.

నాలుగడుగుల చదరం బల్ల, 28 మిల్లీమీటర్ల బొమ్మలు చాలు. దండులో ఇద్దరు అధికారులు, ఆరుగురేసి పోలీసులతో మూడు సెక్షన్లు. దళానికి 16 బొమ్మలు, నాలుగేసి చొప్పున నాలుగు జట్లు. బొమ్మలకు అడుగున అతికించే వాషర్లే ఇంకో పది తీసుకుని, నాలుగింటికి ఒకవైపు చుక్క పెట్టండి, ఆరింటిని ఖాళీగా వదలండి. చుక్క కనపడకుండా గిన్నెలో కలిపి, దారికి రెండు పక్కలా ముందే గుర్తుపెట్టుకున్న పది చోట్ల బోర్లా పెట్టండి. ఆ చోట్లు దారికి 6 నుంచి 10 అంగుళాల లోపు ఉండాలి. చుక్క మార్కర్‌తో పెట్టండి. రంగుతో పెడితే ఎండాక వేలికి గరుకు తగిలి ఏది నిజమో తెలిసిపోతుంది.

ఇప్పుడు పేక. ఎర్ర ముక్కలు నాలుగు: సెక్షన్‌కొకటి, అధికారులిద్దరికీ కలిపి ఒకటి. నల్లవి మూడు, దళానివి. వీటికి తోడు జోకర్లు. ప్రతి టర్న్‌లో అన్నీ కలిపి ఒక్కొక్కటే తీయండి, ఎవరి ముక్క వస్తే వాళ్ల వంతు. చాలామంది ఒకే జోకర్ వేసి, అది రాగానే టర్న్ ముగిస్తారు. అలా చేస్తే ఎనిమిదింట ఒకసారి ఎవరూ కదలకుండానే టర్న్ అయిపోతుంది, ఏ సెక్షన్‌కైనా కదిలే అవకాశం సగమే. రెండు జోకర్లు వేసి, రెండోది వచ్చినప్పుడు ముగించండి. ఖాళీ టర్న్ 36లో ఒకసారికి తగ్గుతుంది, ముక్క వచ్చే అవకాశం మూడింట రెండుకి పెరుగుతుంది. టర్న్‌ల పరిమితి కూడా ఈ లెక్కనుంచే తీయాలి. బల్ల 48 అంగుళాలు, నడక ముక్కకి 6 అంగుళాలు, అంటే ఎనిమిది ముక్కలు కావాలి. సగటున 12 టర్న్‌లు పడతాయి. పరిమితి 14 పెట్టండి. పదే పెడితే దండు మాటుతో సంబంధం లేకుండానే ఓడిపోతుంది.

నల్ల ముక్క వస్తే ఒక్కటే ప్రశ్న: 12 అంగుళాల లోపు అధికారి కనిపిస్తున్న వాషర్ ఉందా? ఉంటే వాటిలో అధికారికి దగ్గరున్నది తిప్పండి. ఖాళీదైతే తీసేయండి. చుక్క ఉంటే నలుగురిని నిలబెట్టి వెంటనే కాల్చండి. ఏ వాషర్‌కీ అధికారి కనపడకపోతే పాచిక వేయండి: 1–4 పడితే ఏమీ లేదు, 5–6 పడితే దండుకి దగ్గరున్న వాషర్‌ని తిప్పకుండానే అడవిలో 4 అంగుళాలు దండు పోయే దిక్కుకి జరపండి. పోలీసులు ఎదురుగా పోతున్నా అది తెరుచుకోదు. వాళ్లు 4 అంగుళాల లోపలికి వస్తే తప్ప.

ఈ ఒక్క రూలుతో ఆట ఎలా మారుతుందో చూడండి. మొదటి సెక్షన్ ఏడో నంబరు వాషర్ పక్కనుంచే, 6 అంగుళాల ఎడంతో వెళ్లిపోయింది. ఏమీ కాలేదు. రెండోదీ దాటింది. అధికారుల ముక్క మీ చేతికొచ్చింది. ముందుకు నడిపితే 11 అంగుళాల దూరంలో ఏడో నంబరు ఎదురుపడుతుంది, కదపకపోతే ముందు సెక్షన్లు 8 అంగుళాలు దాటి దూరమైపోతాయి. కదిపారు. తర్వాతి ముక్క ఇస్పేటు. వాషర్ తిప్పితే చుక్క. నాలుగు పాచికలు, 12 అంగుళాల లోపు 5 లేదా 6 తగలాలి. ఒక్కటైనా తగిలే అవకాశం నూటికి 80. తగిలినదానికి మళ్లీ పాచిక, 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే అధికారి పోయినట్టే. 8 అంగుళాల లోపు అధికారి లేని సెక్షన్ ఇకనుంచి తన ముక్క వచ్చినా పాచిక మీద 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే మీ మాట వింటుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. దండు చెల్లాచెదురయ్యేది ఇక్కడే. ఎదుట ఎవరూ కూర్చోకపోయినా అరచేతులు చెమటపట్టేదీ ఇక్కడే.

బయటపడిన జట్టు తర్వాతి నల్ల ముక్కకి మళ్లీ పాచిక వేస్తుంది. 1–3 అయితే 6 అంగుళాలు వెనక్కి చాటుకి పోతుంది. 4–5 అయితే అధికారి మీద, లేకపోతే దగ్గరి సెక్షన్ మీద కాలుస్తుంది. 6 పడితే మాయం: బొమ్మలు తీసి, దాని వాషర్‌ని రెండు ఖాళీ వాషర్లతో కలిపి, 8 అంగుళాల లోపు మూడుచోట్ల బోర్లా పెట్టండి. ఈ చివరిది మాత్రం వదలొద్దు, అది లేకపోతే నాలుగు చుక్కలూ బయటపడ్డాక ఆట చప్పబడిపోతుంది.

తూటాలకీ లెక్క ఉండాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడుల్లో దళానికి దొరికినవి 26 తుపాకులు, 2,500 తూటాలు. తుపాకీకి వంద కూడా లేవు. జట్టుకి నాలుగు పూసలు ఇచ్చి, కాల్చినప్పుడల్లా ఒకటి తీయండి. అయిపోతే ఆ జట్టు ఆటలోంచి వెళ్లిపోతుంది. దండుకి పూసలు అక్కర్లేదు.

కొండలు థర్మోకోల్‌తో చేస్తే నేరుగా స్ప్రే కొట్టకండి, అందులోని ద్రావకం దాన్ని కరిగించి గుంటలు చేస్తుంది. ముందు అక్రిలిక్ రంగు కుంచెతో రెండు పూతలు వేయండి. వాలు నున్నగా చెక్కితే లోహపు బొమ్మలు జారిపోతాయి, అంగుళం ఎత్తు మెట్లుగా కోయండి. చెట్లని కొండకి అతికించొద్దు, బొమ్మ నిలబెట్టాల్సి వస్తే తీసి పక్కన పెట్టేలా ఉండాలి.

కనిపిస్తుందా లేదా అని సందేహం వస్తే ప్రతిసారీ దళం వైపే తీర్పు ఇవ్వండి. ఒంటరి ఆటలో మోసం జరిగేది పాచికల్లో కాదు, ఇలాంటి కొలతల్లో. గెలుపు లెక్క: ఒక అధికారి, రెండు సెక్షన్లు 14 టర్న్‌ల లోపు అవతలి అంచు దాటితే దండుది. ఇద్దరు అధికారులూ పడిపోతే ఆ క్షణమే దళం గెలిచినట్టు. మిగతా ఏం జరిగినా డ్రా.