జిమ్మా వెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నీ ప్రపోజల్ మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. ఇథియోపియాలోని జిమ్మా జోన్ (మన జిల్లా లాంటిది) పల్లెల్లో ఇంటి దగ్గర పురుడు పోసుకుంటున్న తల్లులు ఎంతమంది, దానికి సంబంధించిన అంశాలేమిటి అన్నది నీ టాపిక్. శ్రద్ధగానే రాశావు. ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఇథియోపియాలో ఏ హెల్త్ కాలేజీ లైబ్రరీకి వెళ్లినా ఇలాంటి థీసిస్‌లు బీరువాల నిండా ఉంటాయి. ఊరి పేరొక్కటే మారుతుంది. నేను అక్కడ పాఠాలు చెప్పిన రోజుల్లో నా చేతుల మీదుగా వెళ్లినవే బోలెడు. చివరికి తేలేదీ తెలిసిందే: చదువుకున్నవాళ్లు, కాస్త డబ్బున్నవాళ్లు, రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లు ఆస్పత్రికి వెళ్తారు. ఈ ముక్క కనుక్కోవడానికి నువ్వు అంత దూరం పోవాలా?

పైగా కాలం మారింది. వాళ్ల జాతీయ సర్వేల్లో ఆస్పత్రి ప్రసవాలు 2011లో నూటికి 10 ఉండేవి, 2016లో 26 అయ్యాయి, 2019కి 48కి చేరాయి. అంటే వెళ్లాలన్న సంగతి చాలామందికి తెలుసు. ఇంకా ఇంట్లో కంటున్నవాళ్లలో ఇంట్లోనే కనాలనుకున్నవాళ్లు ఉంటారు, అర్ధరాత్రి నొప్పులొచ్చి బండి దొరకనివాళ్లు ఉంటారు, బయల్దేరి దారిలో కన్నవాళ్లూ ఉంటారు. నీ ప్రశ్నావళిలో ఈ ముగ్గురికీ కలిపి ఒకటే గడి ఉంది. ముందు దాన్ని చింపెయ్.

"ఆస్పత్రికి ఎందుకు వెళ్లలేదు?" అని అడగనే అడక్కు. దూరం నుంచి వచ్చిన పిల్లవి, కాగితాలు పట్టుకుని కూర్చున్నావు. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని ఏదో ఒకటి చెప్తారు. దాని బదులు ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పించు. నొప్పులు మొదలైనప్పుడు ఏం పని చేస్తున్నావు? మొదట ఎవరికి చెప్పావు? మీ ఆయన ఇంట్లో ఉన్నాడా? ఫోన్ ఎవరి దగ్గరుంది, అందులో బ్యాలెన్స్ ఉందా? ఎవరికి చేశారు, వాళ్లేమన్నారు? చిన్నపిల్లల్ని ఎవరి దగ్గర వదిలావు? మన 108 అలవాటుతో ఆలోచించకు. అక్కడ వొరెడా మొత్తానికి, అంటే మన మండలం లాంటిదానికి, ఒకటో రెండో అంబులెన్సులు ఉంటాయి. అది ఇంకో కేసు మీద వెళ్లి ఉంటే ఆ రాత్రికి అంతే. డ్రైవర్ నంబర్ ఊళ్లో ఎవరెవరి దగ్గరుందో కనుక్కో. వాన పడిన రోజు బండి ఎక్కడి దాకా వస్తుంది, అక్కడి నుంచి మనిషిని ఎలా మోసుకెళ్తారు అన్నది నడిచి చూడు. మన పాడేరు కొండల్లో డోలీ కట్టినట్టే అక్కడా భుజాల మీద మోస్తారు. ఇలా ఇరవై, ముప్ఫై మంది కథలు గంట గంటకూ రాసుకుంటే, నాలుగు వందల మంది చేత టిక్కులు పెట్టించిన దానికన్నా ఎక్కువ తెలుస్తుంది. మీ గైడ్ లెక్క కావాలంటాడు, సరే, లెక్క కూడా చెయ్యి. కానీ ముందు కథలు.

సెరీన్ తడ్డియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు 1994లో రాసిన మూడు ఆలస్యాల సంగతి క్లాసులో చదివే ఉంటావు. వెళ్దామని అనుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. స్టూడెంట్లందరూ మొదటిదాన్నే పట్టుకుంటారు, ఎందుకంటే తల్లిని అడిగితే సరిపోతుంది, పైగా తప్పు ఆమె మీదికే పోతుంది. మూడోది చూడాలంటే హెల్త్ సెంటర్లో కూర్చోవాలి. నువ్వు కూర్చో. రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, కరెంటు పోతే, కాన్పయ్యాక రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ మందు పెట్టిన ఫ్రిజ్ సంగతేమిటి, ఫిట్స్ వస్తే ఇవ్వడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఉందా. దూరపు ఊళ్ల గర్భిణులు నెలలు నిండాక వచ్చి ఉండటానికి సెంటర్ ఆవరణలోనే ఒక ఇల్లు కడతారు. దాన్ని లోపలికి వెళ్లి చూడు. పొయ్యి ఉందా, తిండి ఎవరు పెడతారు అని అడుగు. కొన్నిచోట్ల ప్రసవమయ్యాక గంజి కాచి, కాఫీ కలిపి ఇస్తారు. అలాంటి సెంటర్‌కి జనం ఎలా వస్తున్నారో ఆ రిజిస్టర్లోనే చూసుకో.

ఇక అసలు చిక్కు. వొరెడా కింద ఉండే చిన్న విభాగం కెబెలే, మన పంచాయతీ లాంటిది. కొన్ని కెబెలేలను "ఇంటి ప్రసవాలు లేని కెబెలే" అని ప్రకటించారు. వినడానికి బాగుంటుంది. అలాంటి ఊళ్లో ఇంట్లో కన్న తల్లి ఆ మాట నీతో ఎందుకు చెప్తుంది? హెల్త్ ఎక్స్‌టెన్షన్ వర్కర్ పక్కనే కూర్చుంటే అసలే చెప్పదు. ఆ అమ్మాయిలు మన ఆశ వర్కర్ల లాంటివాళ్లు కాదు. 2003లో మొదలైన పథకం అది. మొదట్లో పదో తరగతి తర్వాత ఏడాది ట్రైనింగ్ ఇచ్చి తీసుకునేవారు. ప్రభుత్వ జీతం మీద పనిచేస్తారు, ఐదు వేల జనాభా ఉన్న కెబెలేకి ఇద్దరు. ఇంటింటికీ దారి చూపించేది వాళ్లే, వాళ్లు లేకపోతే నీ పని సాగదు. అయినా ఇంటర్వ్యూ మొదలయ్యాక మర్యాదగా బయటికి పంపెయ్. తల్లి చెప్పినదాన్ని సెంటర్ ప్రసవాల రిజిస్టర్‌తో పోల్చి చూడు. తేడా వస్తే ఆమె అబద్ధమాడిందని రాయకు, ఆ తేడానే నీ థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

రిజిస్టర్‌లో పేరు వెతకడం కూడా ఒక విద్యే. అక్కడ ఇంటిపేర్లు ఉండవు. సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. పెళ్లయినా ఆడపిల్ల పేరు మారదు, భర్త పేరుతో వెతికితే జన్మలో దొరకదు. తేదీలు ఇంకో తలనొప్పి. వాళ్ల సంవత్సరం మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది, సెప్టెంబరులో మొదలవుతుంది. ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, మిగిలిన ఐదారు రోజులకు పదమూడో నెల. గడియారం తెల్లవారినప్పటి నుంచి లెక్క. మన పొద్దున్న ఏడు వాళ్లకి ఒంటి గంట. రాత్రి ఎనిమిదింటికి నొప్పులొచ్చాయని ఆమె అంటే మన లెక్కలో రెండు అయింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుని, ఇంటికొచ్చాక మార్చుకో. అక్కడికక్కడే మారిస్తే ఏది మార్చావో, ఏది మార్చలేదో సాయంత్రానికి నీకే గుర్తుండదు.

రికార్డర్ సంగతి. అక్కడివాళ్లు చాలాసార్లు అవునని నోటితో అనరు, గబుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. కొత్తవాళ్లు ఆమె ఉలిక్కిపడిందేమో అనుకుంటారు. టేపులో అది సరిగ్గా వినపడదు, టైపు చేసేవాళ్లు వదిలేస్తారు, నీ కాగితంలో "జవాబు లేదు" అని పడుతుంది. అందుకే ప్రతి ఇంటర్వ్యూలో పక్కన నోట్సు రాసే అమ్మాయి ఒకతె ఉండాలి. అక్కడి పల్లెల భాష అఫాన్ ఒరోమో. అది ఇంటి భాషగా ఉన్న అమ్మాయినే పెట్టుకో. అంహారిక్‌తో నెట్టుకొచ్చేద్దాం అనుకుంటే పల్లెల్లో కుదరదు.

గర్భం పోయిన సంగతులు, తీయించుకున్న సంగతులు అడిగేటప్పుడు అత్తగారు గదిలో ఉండకూడదు. 2005 నాటి చట్ట సవరణతో అక్కడ అబార్షన్‌కు చాలా వెసులుబాటు వచ్చింది, అత్యాచారం జరిగిందని స్త్రీ చెప్తే రుజువు అడగరు. కానీ చట్టం వేరు, ఊరు వేరు. ఆ ప్రశ్న లేకుండా నీ పని నడిచేట్టుంటే తీసెయ్. అడగాల్సివస్తే, విన్నాక ఆమెను ఎవరి దగ్గరికి పంపాలో ముందే ఏర్పాటు చేసుకుని అడుగు.

ప్రపోజల్ చివర్లో "మాతృ మరణాలనూ అంచనా వేస్తాము" అన్నావు. వద్దు. 2016 సర్వే లెక్క లక్ష కాన్పులకు 412 మరణాలు, అంటే రమారమి 240 కాన్పులకు ఒకటి. ఐదు వేల మంది ఉన్న కెబెలేలో ఏడాదికి నూట యాభై, నూట అరవై కాన్పులు అనుకో. నీకు ఒక్కటీ కనపడకపోవచ్చు, పక్క ఊళ్లో రెండు కనపడొచ్చు. దాన్నుంచి రేటు కట్టడం కుదిరే పని కాదు. ఒక మరణం గురించి ఎవరైనా చెప్తే కూర్చుని విను. ఆ ఇంటివాళ్లకు అది లెక్క కాదు.

పర్మిషన్ల సంగతి యూనివర్సిటీ వాళ్లే చెప్తారు. జోన్ నుంచి వొరెడాకి, వొరెడా నుంచి కెబెలేకి ఉత్తరం, ప్రతిదాని మీదా గుండ్రటి స్టాంపు. స్టాంపు లేని కాగితాన్ని చూడను కూడా చూడరు. దీనికి టెన్షన్ పడకు, కానీ వారాలు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ తర్వాత కాఫీ కోతలు. కోతల్లో పగలు ఆడవాళ్లు ఇళ్లల్లో దొరకరు, తెల్లారకముందో సాయంత్రమో వెళ్లాలి. పల్లె రోడ్ల మీద మన ఆటోలే తిరుగుతాయి, వాళ్లు బజాజ్ అని పిలుస్తారు.

కాఫీ పోస్తే మొదటి కప్పు తాగి లేచి రాకు. మూడు విడతలు పోస్తారు. పని ఉందని లేస్తే అవమానంగా తీసుకుంటారు, పైగా అసలు మాటలు మూడో కప్పు దగ్గరే వస్తాయి.

తిరిగి వచ్చేముందు నీకు తెలిసింది వాళ్లకు చెప్పి రా. గర్భిణులకు నెలనెలా కెబెలేలో మీటింగ్ పెడతారు, అందులో అరగంట అడుగు. ఫలానా హెల్త్ సెంటర్లో రాత్రి నర్సు ఉండటం లేదని నీకు తెలిస్తే, ఆ మాట మీ జర్నల్ చదివేవాళ్లకన్నా ముందు ఆ వొరెడా హెల్త్ ఆఫీసుకు తెలియాలి. మన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీలు చేసి వెళ్లిన ఇథియోపియన్లు అక్కడి కాలేజీల్లో చాలామంది ఉన్నారు. విశాఖ పేరు చెప్పి పరిచయం చేసుకో, సగం పని అక్కడే అవుతుంది.

మార్చిన ప్రశ్నావళి ఈ ఆదివారంలోపు పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు. నా ఫోన్లో పీడీఎఫ్ మీద రాయడం రావడం లేదు. ఒరోమోలోకి అనువాదం చేయించాక, ఆ అనువాదం చూడని ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి చేయించి అది కూడా జత చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

మీ అత్తయ్య