పాత ఫోన్ మార్చాలా వద్దా? ముందు ఒక తేదీ చూడండి

మీ ప్రశ్న ఇది: ఫోన్ కొని నాలుగున్నరేళ్ళయింది, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, యాప్‌లు తెరుచుకోవడానికి టైమ్ పడుతోంది, స్టోరేజ్ నిండిపోయిందని మాటిమాటికీ మెసేజ్ వస్తోంది. ఇంట్లో అందరూ కొత్తది కొనేయమంటున్నారు. కొనాలా, ఇంకొన్నాళ్ళు దీంతోనే నడిపించాలా?

మీరు చెప్పిన మూడింటిలో ఏదీ ఫోన్ మార్చి తీరాల్సిన కారణం కాదు. మూడూ చాలావరకు బాగుచేసుకోగలిగేవే. మార్చక తప్పని కారణం వేరే ఉంటుంది, అది మీ ప్రశ్నలో లేదు. మీ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే దొంగలు చొరబడే లోపాలను సరిచేస్తూ కంపెనీ పంపేవి, ఇంకా వస్తున్నాయా? ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ‘ఎబౌట్ ఫోన్’ తెరిచి, సాఫ్ట్‌వేర్ లేదా ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర చూస్తే సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. అది కొద్ది నెలల కిందటిదైతే కంపెనీ మీ ఫోన్‌ని ఇంకా పట్టించుకుంటున్నట్టే. ఏడాది దాటిపోయి, కొత్త అప్‌డేట్ కూడా ఏమీ చూపించకపోతే, ఫోన్ ఎంత చురుగ్గా ఉన్నా దాని పని అయిపోవస్తోందని అనుకోవాలి. ముందు ఈ తేదీ చూసుకుని, తర్వాత మిగతావి చదవండి. ఎందుకంటే అప్‌డేట్లు రాని ఫోన్‌కి బ్యాటరీ మార్పించినా అది కొద్దికాలపు ముచ్చటే.

తేదీ బాగుంటే ఇక బ్యాటరీ సంగతి. నా పాత ఫోన్‌ని నేను ఐదేళ్ళు దాటి వాడాను. మూడేళ్ళు గడిచాక దానికి ఒక జబ్బు మొదలైంది. కెమెరా తెరిస్తే చాలు, టక్కున ఆగిపోయేది. అప్పటికి పైన 34 శాతం చూపిస్తూ ఉండేది. చార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్ళీ ముప్ఫై పైనే కనిపించేది. చూసినవాళ్ళు బోర్డు పోయింది, ఇంక లాభం లేదు అన్నారు. పోయింది బోర్డు కాదు. బ్యాటరీ పాతబడేకొద్దీ అది పట్టే చార్జి తగ్గడమే కాకుండా లోపలి నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, కూడా పెరుగుతుంది. కెమెరా, ఫ్లాష్, పెద్ద గేమ్‌లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. చార్జి ఉంటుంది, అడిగినంత వేగంగా ఇవ్వలేకపోతుంది, అంతే. చలిలో ఈ బాధ ఇంకా ఎక్కువ. సర్వీస్ సెంటర్‌లో అసలు బ్యాటరీ వేయించాక ఆ ఆగిపోవడం మళ్ళీ కనిపించలేదు, చార్జింగ్ రాత్రి దాకా వచ్చేది.

ఫోన్ నెమ్మదించడానికి కూడా కొన్నిసార్లు బ్యాటరీయే కారణం. ఇది ఊహ కాదు. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు ఇలా హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకు సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ వేగం తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. చాలా గొడవయ్యాక బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది, 2018లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.3లో బ్యాటరీ పరిస్థితి చూపించే పేజీ పెట్టింది. అప్పట్లో ఎంతోమంది కేవలం బ్యాటరీ మార్పించుకుని, పాత వేగం తిరిగి వచ్చిందని చూసి ఆశ్చర్యపోయారు.

మీ బ్యాటరీ ఏ స్థితిలో ఉందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్ళలో బ్యాటరీ 500 పూర్తి చార్జింగ్ సైకిళ్ళ తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారైందని ఆపిల్ చెబుతుంది. 15 సిరీస్ నుంచి ఆ లెక్క 1000 సైకిళ్ళు. యూరప్‌లో 2025 జూన్ నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు కనీసం 800 సైకిళ్ళ తర్వాత 80 శాతం ఉండాలని నియమం పెట్టారు. సైకిల్ అంటే ప్లగ్ పెట్టిన ప్రతిసారీ ఒకటి అని కాదు, వాడిన మొత్తం కలిపి నూరు శాతం అయితే ఒకటి. రోజుకి దాదాపు ఒక సైకిల్ అనుకున్నా నాలుగున్నరేళ్ళకు మీది 1500 దాటి ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోవడంలో వింతేమీ లేదు. టైర్లు అరిగాయని బండి అమ్మేయం కదా, ఇదీ అంతే. ఐఫోన్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌లోనే శాతం కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో కొన్ని కొత్త మోడళ్ళు చూపిస్తాయి, లేకపోతే సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించి చెప్పమనండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మా అక్క ఫోన్‌లో స్క్రీన్ ఒక అంచున కాస్త పైకి లేచింది. కవర్ బిగుతుగా ఉండటం వల్ల అనుకుంది. కవర్ తీసి బల్ల మీద వెల్లకిలా పెడితే, వీపు ఉబ్బి ఉండటంతో ఫోన్ నిలవకుండా అటూ ఇటూ ఊగింది. అది ఉబ్బిన బ్యాటరీ. ఇలా కనిపిస్తే చార్జింగ్ పెట్టకండి, స్క్రీన్‌ని నొక్కి లోపలికి కూర్చోబెట్టే ప్రయత్నం అస్సలు చేయకండి, దిండు కిందా జేబులో పెట్టుకోకండి. స్విచాఫ్ చేసి అదే రోజు సర్వీస్‌కి తీసుకెళ్ళండి. డేటా పోతుందేమోనని ఇంకో రాత్రి చార్జింగ్ పెట్టి ఫొటోలు కాపీ చేసుకుందాం అనుకునేవాళ్ళుంటారు, దయచేసి ఆ పని చేయకండి.

బ్యాటరీ మార్పించేటప్పుడు ఇంకో మాట. ఫోన్ విప్పాక నీటి నుంచి రక్షణ మొదట్లో ఉన్నంత ఉండదు. కొత్త జిగురు సీల్ వేయమని అడగండి, వేసినా సరే తర్వాత ఫోన్‌ని తడవనివ్వకండి.

ఇక నెమ్మదించడం. మా అమ్మ ఫోన్‌లో అక్షరం నొక్కాక అది తెర మీద పడేదాకా ఆగాల్సి వచ్చేది. ఒక మాట రాసేసరికి ఆవిడకి విసుగొచ్చి వాయిస్ మెసేజ్‌లకు మారిపోయింది. ఫోన్ ముసలిదైందని ఇంట్లో అందరం అనుకున్నాం. చూస్తే స్టోరేజ్ పూర్తిగా నిండి ఉంది. ఫోన్లో ఉండే ఫ్లాష్ మెమరీ కొత్త డేటా రాయాలంటే ఖాళీ బ్లాకులు కావాలి. ఖాళీ లేనప్పుడు ఉన్నవాటినే అటూ ఇటూ సర్ది, చెరిపి, అప్పుడు రాయాలి. ప్రతి యాప్ నిమిషం నిమిషం ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది కాబట్టి ఫోన్ మొత్తం ఈడ్చుకుంటూ నడుస్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్ళి ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే, ఏ గ్రూపు ఎంత జాగా తినేసిందో పెద్దది ముందు వరుసలో కనిపిస్తుంది. ఆవిడ ఎప్పుడూ చూడని వీడియోలే గుట్టలుగా ఉన్నాయి. అవి తీసేసి, ఆటో డౌన్‌లోడ్ ఆపేసి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేశాక అక్షరాలు వేలితో పాటే పడటం మొదలైంది. మొత్తం స్టోరేజ్‌లో పదో వంతు కంటే ఎక్కువే ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. క్లీనర్, బూస్టర్ అనే యాప్‌ల జోలికి పోకండి. అవి చేసే మేలు కంటే చూపించే ప్రకటనలే ఎక్కువ.

ఇంత చేసినా మారనిది ఒకటుంది, అది ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లు నడవడానికి వాడుకునే మెమరీ. చాట్‌లో ఉండి కెమెరాలోకి వెళ్ళి తిరిగొస్తే ఆ చాట్ మళ్ళీ మొదటి నుంచి లోడ్ అవుతోందా? మ్యాప్ చూస్తూ కాల్ మాట్లాడితే మ్యాప్ మూసుకుపోతోందా? అలాగైతే ఇప్పటి యాప్‌లకు మీ ఫోన్ ర్యామ్ చాలడం లేదు. సెట్టింగ్స్‌లో కనిపించే వర్చువల్ ర్యామ్ స్టోరేజ్‌లో కొంత భాగాన్ని వాడుకుంటుంది, అది అసలు ర్యామ్‌తో సమానం కాదు. ఇది నిజంగా ఫోన్ వయసే. తేల్చుకోవాలంటే అన్నీ బ్యాకప్ తీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, రోజూ వాడే యాప్‌లు మాత్రమే పెట్టుకుని కొన్నాళ్ళు చూడండి. అప్పటికీ ఇలాగే ఉంటే నేనూ మార్చమనే అంటాను.

సెక్యూరిటీ తేదీ గురించి ఎందుకంత పట్టుబడుతున్నానో చెప్పాలి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక మల్టీమీడియా మెసేజ్ పంపి ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. ఆ ఏడాది ఆగస్టు నుంచే గూగుల్ నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటితో పాటు ఏయే లోపాలు సరిచేశారో ఒక జాబితా కూడా బహిరంగంగా పెడుతుంది. అప్‌డేట్ వచ్చే ఫోన్‌కి అది రక్షణ. రాని ఫోన్‌కి మాత్రం, ఎక్కడ కన్నం ఉందో దొంగలు కూడా చదువుకోగలిగే జాబితా అది. నెలలు గడిచేకొద్దీ ఆ కన్నాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలకు గూగుల్ ప్లే ద్వారా నేరుగా అప్‌డేట్లు వస్తున్నాయి, అది మంచిదే. కానీ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో, చిప్‌లను నడిపించే డ్రైవర్లలో లోపాలకు ఫోన్ తయారు చేసిన కంపెనీయే ప్యాచ్ ఇవ్వాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. యాప్‌లు పనిచేస్తున్నాయి కదా, ఫోన్ బాగానే ఉంది అనుకుంటారు. యాప్‌లు ఆగిపోయేది సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఎన్నో ఏళ్ళకు. వాట్సాప్ ఆండ్రాయిడ్ 4.4ని వదిలేసింది 2025 జనవరిలో. ఆ వెర్షన్ వచ్చింది 2013లో. అంతకాలం యాప్ నడిచిందంటే ఆ ఫోన్ అంతకాలం భద్రంగా ఉన్నట్టు కాదు.

నా ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు బ్యాటరీ బాగుంది, స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, చేతికి అలవాటైపోయింది. పక్కన పెట్టాలంటే నిజంగా బాధేసింది. అయినా బ్యాంకు యాప్, మెయిల్ ఉన్న ఫోన్‌తో ఆ సాహసం చేయదలచుకోలేదు. అప్‌డేట్ ఆగిన మరునాడే ఏదో అయిపోతుందని టెన్షన్ పడనక్కర్లేదు. కొన్ని నెలల్లో నింపాదిగా మంచి ఫోన్ వెతుక్కునే టైమ్ ఉంటుంది. పాతది ఇప్పుడు ఏ ఖాతా లేకుండా, పాటలకీ అలారానికీ వాడుతున్నాను.

మిగతా కారణాలు నా దృష్టిలో చిన్నవి. 5జీ లేదని మార్చనక్కర్లేదు. కానీ మీరున్న చోట పాత 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు మూసేస్తుంటే, ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) లేకపోతే కాల్స్ కూడా వెళ్ళవు, అది మాత్రం చూసుకోండి. మంచి కెమెరా కావాలనిపిస్తే అది న్యాయమైన కోరికే. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, సాయంత్రం వెలుతురులో ఫొటోలన్నీ మసకగా వస్తుంటే ఆ కారణంతోనే మార్చుకోవచ్చు. కాకపోతే ముందు లెన్స్ మెత్తటి గుడ్డతో తుడిచి ఒక ఫొటో తీసి చూడండి. ఇంకోటి, ఫోన్ వల్ల పర్యావరణానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసేటప్పుడే జరిగిపోతుంది. ఉన్నదాన్ని ఇంకో రెండేళ్ళు వాడటం చిన్న విషయమేమీ కాదు.

ఖర్చు దగ్గర నా పద్ధతి ఇది. అప్‌డేట్లు ఇంకా ఏడాదికి పైగా వస్తాయంటే, బ్యాటరీ ఒక్కటే పోయుంటే, ఆలోచించకుండా మార్పిస్తాను. బ్యాటరీ, స్క్రీన్ రెండూ పోయి, అప్‌డేట్లు నెలల్లో ఆగిపోయేలా ఉంటే దాని మీద ఖర్చు పెట్టను.

కొనాల్సి వస్తే కెమెరా మెగాపిక్సెల్స్ కంటే ముందు ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారో చూడండి. గూగుల్ 2023లో పిక్సెల్ 8కి, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ళు ఇస్తామన్నాయి. ఐఫోన్లలో 2019లో వచ్చిన 11కి కూడా 2025 నాటి ఐఓఎస్ 26 వచ్చింది. ఆండ్రాయిడ్‌లో చెప్పే ఏళ్ళు సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ళ కిందటి మోడల్‌ని ఆఫర్‌లో కొంటే ఆ రెండేళ్ళూ అప్పుడే ఖర్చయిపోయినట్టు. అలాగని పాత మోడల్ చెడ్డదని కాదు. ఏడేళ్ళు మాట ఇచ్చిన ఫోన్ ఏడాది వాడింది మంచి ధరకు దొరికితే, తక్కువ ఏళ్ళు అప్‌డేట్లు ఇచ్చే కొత్త చౌక ఫోన్ కంటే నేను దాన్నే తీసుకుంటాను. పాత యజమాని ఖాతా లాక్ తీసేశారా, బ్యాటరీ ఎలా ఉంది అని చూసుకుని తీసుకోండి.

బ్యాటరీకి ఇచ్చినా, ఫోన్ మార్చినా ముందు బ్యాకప్ తీయండి. కొన్ని ఫోన్లలో రిపేర్ మోడ్ ఉంటుంది, సర్వీస్‌కి ఇచ్చేముందు అది ఆన్ చేస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు వాళ్ళకు కనిపించవు. కొత్త ఫోన్‌కి మారేటప్పుడు ఫొటోలూ కాంటాక్టులూ అందరికీ గుర్తుంటాయి, మరిచిపోయేది లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్. అందులోని ఖాతాలు మామూలు బ్యాకప్‌లో రాకపోవచ్చు. కొత్త ఫోన్‌లో ఆ కోడ్‌లతో ఒకసారి లాగిన్ అయి చూసుకునేదాకా పాతదాన్ని రీసెట్ చేయకండి.