‘కోబాల్ట్ బ్లూ’ అని అమ్మారు, ఇప్పుడు వేరే జాతి అంటున్నారు... కేసు వేయవచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతని దగ్గర ఇరవై నెలల క్రితం ‘కోబాల్ట్ బ్లూ ట్రాంటులా’ అనే పెద్ద సాలీడు పిల్లను కొన్నాను. అప్పుడది వేలిగోరంత ఉంది. నేల తవ్వుకుని బతికే జాతి అని చెప్పడంతో డబ్బా నిండా మట్టి పోసి పెంచాను. అది ఏనాడూ మట్టిలోకి దిగలేదు, ఎప్పుడూ బెరడు ముక్క వెనకే ఉండేది. పెరిగేకొద్దీ నీలం రంగు, కడుపు మీద తెల్లటి ముగ్గులాంటి గీతలు వచ్చాయి. నెల క్రితం మా తమ్ముడి చేతిని కరిచింది. కండరాలు పట్టేసి చాలా బాధపడ్డాడు. ఇంట్లో అందరూ నన్నే తిడుతున్నారు, నాకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు ఇది ‘గూటీ సఫైర్’ అంటున్నారు. అమ్మినతను ‘కొరియర్‌లో వెనక్కి పంపు, డబ్బు వేసేస్తా’ అంటున్నాడు. మాకు జరిగిన మోసానికి, మనోవేదనకు ఎంత పరిహారం వస్తుంది?

జవాబు: ఎంత వస్తుందన్నది ఆఖరున తేలే సంగతి. మీ ఉత్తరంలో కేసు మొత్తాన్ని నిర్ణయించే ప్రశ్న ఒక్కటే, అది మీరు అడగలేదు. మీ డబ్బాలో ఉన్న సాలీడు శాస్త్రీయ నామం ఏమిటి? దానికి రుజువుతో జవాబు దొరికేదాకా మీరు ఫిర్యాదుదారో, నిందితులో నేను చెప్పలేను.

కోబాల్ట్ బ్లూ అంటే సిరియోపాగోపస్ లివిడస్. మయన్మార్, థాయ్‌లాండ్ ప్రాంతాలది, బొరియలో బతుకుతుంది. పాత పుస్తకాల్లో దాన్నే హాప్లోపెల్మా లివిడమ్ అన్నారు. గూటీ సఫైర్ అంటే పొయిసిలోథీరియా మెటాలికా. అది చెట్టు తొర్రల్లో ఉండే జాతి, అచ్చంగా మన జీవి. మన గుత్తిలో, రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను చూసి 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మళ్లీ కనిపించింది. అంతరించిపోయే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. రెండూ నీలమే, అమ్మేటప్పుడు రెంటినీ ‘బ్లూ ట్రాంటులా’ అనేస్తారు. చట్టం దృష్టిలో మాత్రం వాటికి పొంతనే లేదు. పొయిసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని 2019లో సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు. కోబాల్ట్ బ్లూ ఆ జాబితాలో లేదు.

పేరు తప్పయిన ప్రతిసారీ కేసు అవుతుందనుకోకండి. మెక్సికో రెడ్‌నీ అనే ట్రాంటులానే తీసుకోండి. పెంపకందారులు ఏళ్ల తరబడి ‘బ్రాకీపెల్మా స్మిథీ’ అంటూ వచ్చినవాటిలో చాలావరకు నిజానికి బ్రాకీపెల్మా హమోరీ అని 2017లో తేలింది. రెండూ సైటీస్ జాబితాలోనివే, పెంచే తీరూ ఒకటే. అక్కడ పేరు మారినా కొన్నవాడికి నష్టం లేదు, చట్టం ముందు బాధ్యతా మారదు. మీ విషయంలో పేరుతో పాటు పెంపకం మారింది, కాటు తీవ్రత మారింది, చట్టమూ మారింది. అందుకే మీ కేసులో బలం ఉంది. ప్రమాదం ఉన్నదీ అక్కడే.

ఆ ప్రమాదం సంగతి చెబుతాను. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ జీవులు నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. అలాంటి జీవి ప్రాణంతో మన దగ్గర ఉంటే సెక్షన్ 49ఎం కింద అధికారులకు తెలియజేసి రిజిస్టర్ చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మీ దగ్గరున్నది గూటీ సఫైరే అయితే, ఈ విషయం సరిచేసుకోకుండా వినియోగదారుల కమిషన్‌లో వేసే ప్రమాణపత్రం మీ నేరాన్ని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. పైగా చట్టం నిషేధించిన అమ్మకం మీద కుదిరిన ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద చెల్లదని అవతలివాళ్లు వాదిస్తారు. విదేశాల్లో పెంపకంలో పుట్టిందని అమ్మినతను అంటే, దిగుమతి కాగితాలు, సైటీస్ పర్మిట్ చూపాల్సింది అతనే.

ఇక కొరియర్ మాట. అది చేయవద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. డబ్బు తిరిగి వస్తుందన్న ఆశతో మీరు పంపిన రోజే మీ ఏకైక సాక్ష్యం అతని చేతికి పోతుంది. కాగితాలు లేకుండా ఆ జీవిని చేతులు మార్చారన్న ఆరోపణ మాత్రం మీ మీద మిగులుతుంది. ఇంకొకరికి అమ్మేయడం, రాత్రిపూట తోటలో వదిలేయడం, చంపి పారేయడం కూడా అంతే. ‘అటవీశాఖకు పట్టిస్తా, డబ్బివ్వు’ అని మెసేజ్ పెట్టారా, బలవంతపు వసూలు కేసు మీ మీదే పెడతాడు.

సాక్ష్యం విషయంలో మీ నిర్లక్ష్యం చూస్తే కోపం వస్తోంది. ప్రాణమున్న జీవిని కొంటూ బిల్లు మీద శాస్త్రీయ నామం రాయించుకోలేదు. అసలు బిల్లు ఉందో లేదో కూడా ఉత్తరంలో రాయలేదు. ఇరవై నెలల్లో అది విడిచిన కుబుసాలన్నీ ఏం చేశారు? చెత్తలో వేసి ఉంటే ఇక నుంచైనా ఆపండి. ట్రాంటులా కుబుసంలో కాళ్లు, కోరలు, వీపు చిప్ప అచ్చు దిగినట్టు ఉంటాయి. ఆడదైతే లోపలి వీర్యకోశం ఆకారం కూడా కనిపిస్తుంది. ప్రాణికి హాని లేకుండా జాతిని నిర్ధారించడానికి నిపుణులకు చాలా ఉపయోగపడేది అదే. తర్వాత విడిచే కుబుసాన్ని నలపకుండా, ఎండబెట్టి, చిన్న డబ్బాలో పెట్టి తేదీ రాయండి. తీసేటప్పుడు వీడియో తీయండి. దాన్ని, బతికున్న సాలీడు ఫొటోలను జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో, సాలీళ్ల మీద పనిచేసే విశ్వవిద్యాలయ ప్రాణిశాస్త్ర విభాగానికో చూపించి రాతపూర్వక నివేదిక తీసుకోండి. తెలిసినవాళ్లు ఫొటో చూసి చెప్పిన పేరు కోర్టులో నిలబడదు.

అమ్మకం ప్రకటన, చాట్, యూపీఐ చెల్లింపు వివరాలు ఫోన్ మార్చకుండా అలాగే ఉంచండి. వట్టి స్క్రీన్‌షాట్లు చాలవు, సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. తమ్ముడి ఆసుపత్రి చీటీలో ‘పురుగు కాటు’ అని మాత్రమే ఉంటే డాక్టరును కలిసి, రికార్డులో ఉన్నంత మేరకు వివరమైన సర్టిఫికెట్ అడగండి. పొయిసిలోథీరియా కాటుకు కండరాలు పట్టేయడం తెలిసిన లక్షణమే. అయితే లక్షణాన్ని బట్టి జాతి రుజువు కాదు.

గడువు సంగతి మరీ ముఖ్యం. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లే. మీకు నాలుగు నెలలు మిగిలాయి. రంగు వచ్చాకే మోసం తెలిసింది కాబట్టి అప్పటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కమిషన్ ఒప్పుకోవచ్చు కూడా. దాన్ని నమ్ముకుని కూర్చోకండి, కొన్న తేదీ నుంచే లెక్క వేసుకోండి.

వరుస ఇది. నివేదిక నాలుగో షెడ్యూలు జీవి అని చెబితే, ముందు ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఎలా కొన్నారో, ఏ పేరు చెప్పి అమ్మారో రాసి స్వచ్ఛందంగా తెలియజేయండి. ఆలస్యమైనా మీరే వెళ్లడం వేరు, వాళ్లు వచ్చి పట్టుకోవడం వేరు. జీవిని అప్పగించమంటే రసీదు తీసుకుని అప్పగించండి. ఆ జాబితాలోనిది కాకపోతే ఈ మెట్టు అక్కర్లేదు. ఆ తర్వాత అమ్మినతనికి స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు చూసి, మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. తప్పుడు పేరుతో అమ్మడం అనుచిత వాణిజ్య పద్ధతి కిందికి వస్తుంది. ధర, వైద్యం ఖర్చు, మీరడిగిన మనోవేదన పరిహారం అన్నీ అందులోనే కోరవచ్చు. నోటీసులో సాలీడును తెలిసినవాళ్లు చెప్పిన పేరుతో కాకుండా, నివేదికలో ఉన్న పేరుతోనే రాయించండి.