కాలాన్ని 'ఐ'తో గుణిస్తే ఉష్ణోగ్రత ఎలా వచ్చింది?

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. క్వాంటమ్ ఫీల్డ్ థియరీ క్లాసులో కాలాన్ని 'ఐ'తో (మైనస్ ఒకటి వర్గమూలంతో) గుణించగానే స్టాటిస్టికల్ మెకానిక్స్ ఫార్ములాలు వచ్చేశాయి. ఇది ఉత్త ట్రిక్కేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: "ట్రిక్కే, రాసుకోండి" అని బోర్డు తుడిచేసే మేష్టార్లు మా తిరుపతిలోనూ ఉన్నారమ్మా. నాకా జవాబు ఎప్పుడూ రుచించలేదు.

క్వాంటమ్ స్థితి కాలంతో ఎలా మారుతుందో చెప్పే ఎక్స్‌పొనెన్షియల్‌లోనూ, ఒక ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో స్థితికి ఎంత వాటా ఉందో చెప్పే బోల్ట్‌జ్‌మన్ ఫ్యాక్టర్‌లోనూ ఉన్నది ఒకే హామిల్టోనియన్, అంటే వ్యవస్థ శక్తిని చెప్పే ఆపరేటర్. మొదటిదాంట్లో కాలం బదులు మైనస్ ఐ ఇంటూ హెచ్‌బార్ బై కేటీ పెట్టండి (హెచ్‌బార్ అంటే ప్లాంక్ స్థిరాంకం బై రెండు పై, కే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, టీ ఉష్ణోగ్రత), అచ్చంగా రెండోది వస్తుంది. ఇక్కడితో ఆగితే ట్రిక్కే.

కానీ పార్టిషన్ ఫంక్షన్ (అన్ని స్థితుల బోల్ట్‌జ్‌మన్ ఫ్యాక్టర్ల మొత్తం) కోసం ట్రేస్ తీస్తాం కదా? ట్రేస్ అంటే ఏ స్థితిలో బయల్దేరామో ఆ స్థితికే చేరాలి. కాబట్టి ఐతో గుణించిన ఈ కల్పిత కాలం తిన్నగా సాగిపోదు, మాడవీధుల్లా చుట్టు తిరిగి మొదటికొస్తుంది. ఆ చుట్టు పొడవు హెచ్‌బార్ బై కేటీ. మే నెలలో తిరుపతి 42 డిగ్రీలు, అంటే 315 కెల్విన్ ఉందనుకుంటే సుమారు 24 ఫెమ్టోసెకన్లు. జనవరి తెల్లవారుజామున కొండమీద 15 డిగ్రీలుంటే 26న్నర. ఎండ ముదిరేకొద్దీ చుట్టు తగ్గుతుంది. ఆ చుట్టు తిరిగొచ్చాక బోసాన్ (ఫోటాన్ లాంటి కణం) ఫీల్డుకు పాత విలువే ఉంటుంది, ఫెర్మియాన్ (ఎలక్ట్రాన్ లాంటి కణం) ఫీల్డుకు మైనస్ గుర్తు చేరుతుంది. ఉష్ణోగ్రత ఉన్న క్వాంటమ్ వ్యవస్థల లెక్కకు 1955లో జపాన్ భౌతికవేత్త మత్సుబారా కట్టిన పద్ధతికి ఇదే పునాది.

బ్లాక్ హోల్ సంగతి ఇంకా చిత్రం. కల్పిత కాలంలో చూస్తే దాని హొరైజన్ (దాటితే వెలుతురు కూడా తిరిగిరాని హద్దు) దగ్గర ఒక మొన తేలుతుంది. చుట్టు పొడవు సరిగ్గా ఒకే ఒక్క విలువ దగ్గర ఆ మొన మాయమవుతుంది. ఆ పొడవు నుంచి ఉష్ణోగ్రత లెక్కగడితే హాకింగ్ చెప్పినదే వస్తుంది. ఉత్త ట్రిక్కుకు ఇంత తెలుస్తుందా?

కంప్యూటర్లకైతే ఇది వరమే. మామూలు కాలంలో ఫైన్‌మన్ దారులు (కణం వెళ్లగల అన్ని దారులు) ఊగిసలాడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కల్పిత కాలంలో చాలా సందర్భాల్లో ఒక్కో దారికీ పాజిటివ్ వెయిట్ వస్తుంది, సంభావ్యతలా వాడుకోవచ్చు. విల్సన్ 1974లో ప్రతిపాదించిన లాటిస్ (స్థలకాలాన్ని గళ్లుగా విడగొట్టిన వల) మీద ఇలాగే లెక్కచేసి, 2008లో ప్రోటాన్ ద్రవ్యరాశిని కొద్ది శాతం తేడాతో రాబట్టారు. అయితే రెండు కణాలు ఢీకొన్నాక క్షణక్షణం ఏం జరిగిందో చెప్పమంటే చిక్కే. కంప్యూటర్ ఇచ్చిన అంకెల్లో కాస్త పొరపాటున్నా, మామూలు కాలానికి మళ్లించేసరికి అది కొండంత అవుతుంది.

హార్మోనిక్ ఆసిలేటర్‌తో మీరే చేసి చూడండి. మామూలు కాలంలో ట్రేస్ తీస్తే కింద, అంటే హారంలో, సైన్ ఉంటుంది. పైన చెప్పిన మార్పు చేస్తే అది హైపర్బాలిక్ సైన్ అయి, మీ బీఎస్సీ నోట్సులోని పార్టిషన్ ఫంక్షనే వస్తుంది. ఎక్కడైనా ఆగిపోతే ఆ లైను రాసి పంపండి.