హార్మోనియం కొనిచ్చారు, సరే. నాటకం చూశారా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. మా వీధిలోని ఒక పెద్దాయన దగ్గర పద్యాలు నేర్చుకుని, రెండేళ్లుగా తిరునాళ్లలో హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి వేషం వేస్తున్నాడు. హార్మోనియం కొనిచ్చాను, దుస్తుల ఖర్చూ నాదే. ఆ నాటకాలు చూసే తీరిక మాత్రం నాకు లేదు. తొమ్మిదో తరగతికి వచ్చేలోగా మాన్పిద్దామనుకుంటున్నాను. ఈ విద్యతో వాడికి భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: పద్యనాటకాన్నే నమ్ముకుని సంసారం నడపడం ఈ రోజుల్లో చాలా కొద్దిమందికే సాధ్యం. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. అయినా పదమూడేళ్ల పిల్లవాడి బతుకుతెరువు ఇప్పుడే తేల్చాలన్న తొందర ఎవరికీ లేదు. మీ ఉత్తరంలో నాకు కొరుకుడు పడనిది వేరే ఉంది. రెండేళ్లుగా వాడు చేస్తున్న పనిని ఒక్కసారైనా చూడకుండా, దాన్ని మాన్పించాలా అని అడుగుతున్నారు. కాటి దగ్గర తండ్రి వెంటనే గుర్తుపట్టలేని కొడుకు లోహితాస్యుడు. మీవాడికి ఆ వేషమే దొరకడం యాదృచ్ఛికమే అనుకోండి.

డబ్బు ఇచ్చారు, కాదనను. కానీ మందు డబ్బా కొని పంపే రైతుకూ, రోజూ చేను చుట్టి వచ్చే రైతుకూ తేడా ఏమిటో మీ దుకాణంలో కూర్చున్న మీకు నేను చెప్పాలా?

ఖరీఫ్‌లో మీకు ఊపిరి సలపదు, ఒప్పుకుంటాను. అయితే మన వైపు నాటకాలు ఎక్కువగా పంటలు ఇంటికి చేరాకే మొదలవుతాయి. శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఎండాకాలపు తిరునాళ్లు... అప్పుడు మీ దుకాణంలో అంత రద్దీ ఉంటుందా?

వెళ్లినప్పుడు ముందు వరుస కుర్చీ అక్కర్లేదు. వాడికి కనిపించే చోట కూర్చోండి, చాలు. నాటకమంతా ఫోనులో వీడియో తీస్తూ గడపవద్దు. మైకులో మీ పేరు వినిపించేలా చదివింపులు అసలే వద్దు. ఆ రాత్రి వాడిది, మీది కాదు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద తప్పులు ఎంచకండి, ఆ పని వాళ్ల గురువు చేస్తారు. ఏ పద్యం కష్టంగా అనిపించిందో అడిగి, వాడు చెప్పేది వినండి. వీలైతే ఒక సాయంత్రం రిహార్సల్‌కు కూడా వెళ్లండి. గురువు అదే పద్యపాదాన్ని ఇరవైసార్లు పాడించుకుంటుంటే విసుక్కోకుండా నిలబడిన మీ పిల్లవాడిని, లెక్కల పుస్తకం ముందు మీరు చూసి ఉండరు.

ఇదంతా ఇప్పుడే చేయమనడానికి ఇంకో కారణం ఉంది. ఈ వయసులోనే మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, గొంతు మారుతుంది. నిన్నటిదాకా అవలీలగా అందుకున్న పై షడ్జమం, అంటే పై ‘స’ దగ్గర స్వరం చీలుతుంది. కొందరికి నెలల్లో కుదుటపడుతుంది, కొందరికి ఏడాదీ పైనా పడుతుంది. ఎత్తూ పెరుగుతాడు కాబట్టి లోహితాస్యుడి వేషం మరొకరికి పోతుంది. పెద్ద వేషాలు ఇంకా రావు. వన్స్ మోర్ అన్న జనమే నవ్వవచ్చు. చాలామంది పిల్లలు కళను వదిలేసేది సరిగ్గా ఈ సందులోనే. అప్పటిదాకా దగ్గర లేని తండ్రి అప్పుడు వచ్చి ‘పోనీలే, చదువుకో’ అంటే, ఆ ఓదార్పు వాడికి తీర్పులా వినిపిస్తుంది. ఆ ఏడాది శ్రుతి తగ్గించి పాడమనండి, అరిచి అందుకోనివ్వకండి. బొంగురు వదలకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి. హార్మోనియం ఎలాగూ ఇంట్లో ఉంది, వేళ్లకు పని చెప్పుకుంటాడు.

చదువుకూ కళకూ పడదన్న భయం మీకుంటే పక్క జిల్లా వైపు చూడండి. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వృత్తి రీత్యా న్యాయవాది. తెలుగు నాటకరంగంలో అంతటి నటుడు అరుదు. ఆయనను నాటకాల వైపు నడిపించిన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులూ న్యాయవాదే. కోర్టు పని ఉంచుకునే నాటకాలు రాశారు, ఆడారు. తీరిక గురించి ఆయనను అడిగితే ఏమనేవారో!

రాత్రంతా మేలుకుని పొద్దున బడిలో నిద్రపోవడం మాత్రం నేనూ సమర్థించను. పరీక్షల ముందు రెండు వారాలు వేషం ఉండదని, ఆటకు మర్నాడు సెలవు ఉన్నప్పుడే ఒప్పుకోవాలని గురువుగారితో మీరే వెళ్లి మాట్లాడండి. నాటకం చూడటానికి వచ్చే తండ్రి ఈ షరతు పెడితే పిల్లవాడు వింటాడు. ఎప్పుడూ రాని తండ్రి పెడితే అడ్డుపుల్ల వేస్తున్నాడనుకుంటాడు.

ఇక దారుల సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగాలు ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ కావాలి. అందుకే కరపత్రాలు, ప్రశంసాపత్రాలు, ఫొటోలు తేదీలతో సహా ఒక ఫైలులో పెట్టడం మీరే మొదలుపెట్టండి. స్పష్టమైన ఉచ్చారణ, జనం ముందు బెదురు లేకపోవడం న్యాయవాదికీ అధ్యాపకుడికీ ఆకాశవాణిలో మాట్లాడేవారికీ పనికొస్తాయి. వాటిలో ఏదో ఒకటి ఎంచుకోమని ఇప్పుడు ఒత్తిడి చేయకండి.

వెంటనే చూడాల్సింది ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల్లో ఉపకారవేతనం ఇస్తుంది, నాటకం కూడా ఆ జాబితాలో ఉంది. మీవాడికి మిగిలిన గడువు తక్కువ. ఈసారి ప్రకటన రాగానే దరఖాస్తు చేయించండి. ఎంపికలో వాడు ప్రదర్శన ఇవ్వాల్సి ఉంటుంది. ఆ రోజు వెంట వెళ్లే పని దుకాణంలో గుమాస్తాకు అప్పగించకండి.